లింప్ అనే మాటకు నేను తెచ్చిన మనిషి

జమ్మలమడుగు బస్టాండులో దిగగానే ఉగ్గాని తాలింపు వాసన తగిలిందా, నాకు ఏడో తరగతి ఇంగ్లీషు పీరియడు గుర్తొస్తుంది. మా బడి గోడను ఆనుకునే ఒక హోటలు ఉండేది. నానిన బొరుగుల్లో పచ్చిమిరపకాయల కారం, పప్పుల పొడి కలిపి, నిమ్మకాయ పిండి, పక్కన బాణలిలో బజ్జీలు వేస్తుంటే ఆ ఘుమఘుమలకు పాఠం బుర్రకెక్కేది కాదు. మా కరుణమ్మ టీచరు కసిరేవారు కాదు, కిటికీ దగ్గరికి పిలిచి తినేవాళ్లను చూడమనేవారు. బస్సు తీసే టైమైందని గబగబా మింగే కండక్టరు ‘గల్ప్’, బజ్జీని అంచుల్లో కొంచెం కొంచెం కొరికే ముసలాయన ‘నిబుల్’. ఉత్త ‘ఈట్’ అని రాసిన మొద్దులకు ఆమె దగ్గర మార్కులు లేవు.

ప్రతి శుక్రవారం మాకు తలా ఒక మాట ఇచ్చేవారు. దానికి సరిపడే మనిషిని ఊళ్లో వెతికి, ఆ మనిషిలాగే చేసి చూపిస్తే, ఆ మాటేదో మిగతావాళ్లు చెప్పాలి. “పొయ్యినాడంటే యెట్ల పొయ్యినాడు? మనిషిని సూసొచ్చి సూపీండి” అనేవారు. శనక్కాయల మూట మోసే హమాలీ, సాయంత్రం చేతికర్ర ఊపుకుంటూ షికారుకు పోయే రిటైర్డు గుమాస్తా, అందరూ వాళ్లకు తెలియకుండానే మా నోటుబుక్కుల్లోకి వచ్చేశారు.

నాకు ‘లింప్’ వచ్చింది, అంటే కుంటుతూ నడవడం. వెతకనక్కర్లేదనుకున్నాను. నా పక్కన కూర్చునే షబానా వాళ్లమ్మ ఖాసింబీ గాజులమ్మేది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె ఎడమకాలు సన్నబడింది. నెత్తిన గాజుల బుట్టతో, నడుము మీద చెయ్యి ఆనించి, ఆ కాలు ఈడ్చుకుంటూ మా వీధికొచ్చేది. ఉగాది ముందు మా అరుగు మీద కూర్చుని, నా పిడికిలిని మెత్తగా నొక్కుతూ, ఒక్క గాజూ చిట్లకుండా, ఒక్క గీతా పడకుండా తొడిగేది. మా అమ్మ చేతుల కంటే ఆమె చేతులే మెత్తన అనుకునేదాన్ని.

ఆ శుక్రవారం నెత్తిన పుస్తకాల సంచి పెట్టుకుని, నడుము మీద చెయ్యి వేసి, తలుపు నుంచి బోర్డుదాకా కాలీడ్చుకుంటూ నడిచాను. మాట ఏదో ఎవరూ చెప్పలేదు, మనిషి పేరు చెప్పారు. గదంతా పగలబడి నవ్వింది. బాగా చేశానని నేనూ నవ్వాను. నవ్వనిది టీచరు, షబానా. కాసేపటికి షబానానే పుస్తకంలోంచి తల ఎత్తకుండా “లింప్” అంది. మరునాటి నుంచి వేరే బెంచీలో కూర్చుంది. టీచరు నన్ను తిట్టలేదు గానీ, మనుషుల్ని తెమ్మనడం ఆ రోజుతో మానేశారు.

తర్వాతి వారం ఖాసింబీ మా వీధికొచ్చింది. మా అరుగు దగ్గరికి వచ్చేసరికి నడుము మీది చెయ్యి తీసేసి, నిటారుగా, రెండు పాదాలూ సమంగా వేస్తూ, ఆగకుండా వెళ్లిపోయింది. ఎప్పుడొచ్చినా అంతే. ఖాసింబీకి కాలు బాగైందని సంతోషంగా అమ్మతో చెప్పాను. నా తప్పు కూడా దాంతో పోయిందనుకున్నాను.

ఇప్పుడు నేనూ ఇంగ్లీషే చెబుతాను. పిల్లలు మాటలకు అర్థాలు ఫోన్లలో చూసుకుంటారు, కిటికీలోంచి ఎవరినీ చూడరు. మా వీధిలోకి గాజుల బుట్టలు రావు. కరుణమ్మ టీచరు లేరు, గోడ పక్క హోటలూ లేదు. ‘లింప్’ వచ్చిన పాఠంలో అర్థం చెప్పేసి, తొందరగా ముందుకు పోతాను.

పోయిన నెల పులివెందులలో ఒక పెళ్లిలో షబానా కనిపించింది. ఆప్యాయంగానే పలకరించింది. వాళ్లమ్మ కాలు అప్పట్లో ఎట్లా నయమైందని అడిగాను.

“యాడ బాగైంది? నువ్వు సూస్తాంటావని మీ యిల్లు దాటిందాక సరిగ్గ నడిసేది. ఆ పొద్దు కాలు శానా వాసేది. నేనే ఉప్పునీళ్ల కాపడం పెడ్తాంటి.”

తప్పయిందని ఆమె చేతులు పట్టుకున్నాను. ఆ మాట వినాల్సిన మనిషి పోయి అప్పటికే మూడేళ్లయింది.