వాగు అవతలి జీడితోట

గాజువాకలో కొత్త లేఅవుటుకు సున్నం గీతలు వేస్తున్నారు. ఆ వాసనకు చిన్నప్పటి రోజొకటి గుర్తొచ్చింది.

ఉక్కు ఫ్యాక్టరీకి తీసుకునే భూమిని గొలుసుతో కొలిచి, సున్నం గుర్తులు వేస్తూ వచ్చిన సర్వేయరు మా వాగు దగ్గర ఆగాడు. "ఇంతేనాండి మీది?" అన్నాడు.

తాతయ్య మీసం దువ్వారు. "అవతల జీడితోట కూడా మాదే. తక్కువ చేసి రాయకండి."

"ఊరుకోండి బాబూ! కొలిసిందల్లా ఫేక్టరీవోలు అట్టుకుపోతారు," అని పాలేరు అప్పన్న గొణిగాడు. తాతయ్య వినిపించుకోలేదు.

ఎంత కొలిస్తే అంత గొప్పని నేనూ అనుకున్నాను. గొలుసు వాగు దాటుతుంటే చప్పట్లు కొట్టాను.

అవతల నోరు మెదపని పక్కవాళ్ళ తోట మిగిలిపోయింది. మాది ఆ వేసవికే నరికేశారు. తాతయ్యది తప్పనలేను. అద్దె గదిలో బతుకుతున్నా, ఈరోజు అడిగినా నేనూ అవతలి తోట కూడా మాదేననే చెబుతాను.