మిట్టేమరిలో మిగిలిపోయిన పరీక్ష

కర్ణాటక సరిహద్దులోని బాగేపల్లి బస్టాండులో అశ్వత్థప్పగారి కోసం ఎదురుచూస్తుండగా ఆయన తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్న లేడప్పా. తెల్లారి లేపితే లేయలేదు" అన్నాడు. చింతామణి నుంచి ఆయన, చిక్కబళ్లాపురం నుంచి నేను వచ్చి, అక్కడ కలుసుకుని మిట్టేమరి వెళ్లాలని ముందురోజే అనుకున్నాం. మిట్టేమరి బస్సు కళ్లముందే వెళ్లిపోయింది. నేను చింతామణి బస్సెక్కాను, ఆయన పార్థివదేహం దగ్గరికి.

అశ్వత్థప్పగారు మా ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ ఆచార్యులు. విదేశీ కర్మాగారాల్లో శిక్షణ పొందే విద్యార్థుల పనిని పరీక్షించి మార్కులు వేయడం ఆయన బాధ్యత. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ పనిలో ఆయనకు తోడు. నేను రిటైరయ్యాక కూడా ఆయన పిలిస్తే వెళ్లేవాణ్ణి. నా డైరీల నిండా ఆ ప్రయాణాలే.

ఒకసారి సాదలి ఊరి కుర్రాడొకడు శిక్షణ ముగించి వచ్చి, ఇంట్లో మా ఎదుట ఇంగ్లీషులో ధారాళంగా అప్పజెప్పాడు. కాఫీ తెచ్చిన తల్లి, "ఆ మిషను ఏం చేస్తాదిరా?" అని అడిగితే మళ్లీ ఇంగ్లీషులోనే అందుకున్నాడు. దారిలో అశ్వత్థప్పగారు, "ఇంగ్లీషులో ఎవురైనా బాయిపాఠం చేసి ఒప్పజెప్తారప్పా. అమ్మకు చెప్పల్లంటే అర్థమై ఉండాల" అన్నారు. ఆనాటి నుంచి విద్యార్థి ఏ దేశంలో ఉన్నా, మేము వాళ్ల ఇంట్లో కూర్చుని వీడియో కాల్‌లో పరీక్ష పెట్టేవాళ్లం. చివరి ప్రశ్న తల్లిది.

పరగోడులో ఒక తల్లి, "బోల్టులు బిగించేదానికి అంత దూరం పోవల్లనా? మన ట్రాక్టరు షెడ్డులో జాగా లేదా?" అని కొడుకును నిలదీసింది. అశ్వత్థప్పగారు పగలబడి నవ్వి, "చెప్పప్పా, నా ప్రశ్న కూడా అదే" అన్నారు.

మిట్టేమరిలో మేము పరీక్షించవలసింది నరసమ్మగారి కూతురు సుజాతను. జర్మనీలో పంపులు తయారుచేసే కర్మాగారంలో ఉంది. "ఈ అమ్మాయి నోరు విప్పదు, చొరవ లేదు" అని అక్కడి అధికారి పరీక్ష తప్పేటట్టు మార్కులు వేశాడు. "ఊరకే ఉండే పిల్ల కాదప్పా. విని రాస్తాను" అన్నారు అశ్వత్థప్పగారు. ఆయన మార్కులు కలిస్తేనే ఆమె గట్టెక్కుతుంది.

కర్మకాండ ముగిశాక నేనొక్కణ్ణే మిట్టేమరి వెళ్లాను. నరసమ్మగారు రెండు కుర్చీలు వేసి ఉంచారు. ఒకటి తీయబోయి, అలాగే వదిలేశారు.

ఫోన్‌లో సుజాత చెప్పింది. "పంపులో నీళ్లు కారితే అందురూ నీళ్లు ఆపే సీళ్లు మారుస్తాండారమా. తప్పు సీలుది కాదు. నడాన తిరిగే ఇరుసు వాలి ఉండాది."

"రాగులు ఇసిరే రాయికి నడాన గూటం వాలితే పిండి ఒకపక్కే పడతాదే, అట్లనా?" అని అడిగారు నరసమ్మగారు.

"అట్లనే అమా!"

"మరి ఆ ఫ్యాక్టరీ ఆయప్పకు ఏమిటికి చెప్పలేదే?"

"పెద్దాయన మాట్లాడ్తాండె. నడాన నోరు పెట్టేది ఎట్లని ఊరుకుంటి."

నరసమ్మగారు తలవంచుకున్నారు. "నేనే నేర్పిస్తిని గదప్పా, పెద్దోళ్ల నడాన మాట్లాడొద్దని" అన్నారు నాతో.

విన్నదంతా రాసి కాలేజీకి తీసుకెళ్లాను. ప్రిన్సిపాల్ గౌరవంగానే కూర్చోబెట్టి, రిటైరైనవారి సంతకం చెల్లదని కన్నడంలో మెల్లగా చెప్పారు. నియమించిన పరీక్షకులు మార్కులు వేయకముందే పోయారు గనుక కర్మాగారం వేసిన మార్కులే ఖాయమట. సుజాత మళ్లీ శిక్షణకు వెళ్లాలి. ఆ కర్మాగారం మళ్లీ తీసుకోనంది.

నిన్న నరసమ్మగారు ఫోన్ చేశారు. "ఆ సారుంటే మార్కులేసుండునా అప్పా?"

"వేసేవారమ్మా" అన్నాను.

తల్లి ప్రశ్నను అంత శ్రద్ధగా ఆలకించే పరీక్షకుణ్ణి నేను మరొకరిని చూడలేదు, ఇక చూడబోను. అశ్వత్థప్పగారూ, మీకు నా నమస్కారం. కూతురు చెప్పింది, అమ్మకు అర్థమైంది. మీ లెక్కలో పరీక్ష ముగిసింది. మార్కు వేసే చెయ్యే లేదు.