మే నెలలో మిద్దె గది

ఆళ్లగడ్డలో ఈ ఏడు మా ఇంటి మీద ఒక గది వేయించాము, బాడుగకు ఇద్దామని. పొద్దు గుంకిన చాలాసేపటికి లోపలికి వెళ్లి పడమటి గోడకు అరచెయ్యి ఆనించాను. పగటి ఎండంతా అందులోనే ఉంది. కొత్త సున్నం వాసన కూడా వేడిగానే తగిలింది. మేస్త్రీ సామాను సర్దుకుంటూ, బాడుగోళ్లకు ఇది చాలు సార్ అన్నాడు. ఇంకా పని ఉందని చెప్పి అతణ్ణి ఆపాను. నాచేత ఆ మాట అనిపించింది నంద్యాల సుబ్బరత్నమ్మ.

నంద్యాలలో లెక్చరర్‌గా చేరిన కొత్తలో ఆమె ఇంట్లోనే, పై గదుల్లో బాడుగకు ఉన్నాము. భర్త పోయాక బట్టల కొట్టు ఒక్కతే నడుపుకొస్తున్న మనిషి; మాటలో మొహమాటం ఉండేది కాదు. నేనేమో ఆ రోజుల్లో మూఢనమ్మకాల మీద, ఆస్తి మీద సభల్లో గొంతు చించుకునేవాణ్ణి. ఎదుటివాడు నోరు మూసుకుంటే గెలిచాననుకునేవాణ్ణి.

వెలుగోడులో పుట్టింట పురుడు పోసుకుని, మా ఆవిడ పద్మ వేసవి మొదట్లో చంటిపాపతో తిరిగొచ్చింది. మా గదుల కప్పు మీద పొద్దున్నించి సాయంత్రం దాకా ఎండే. వాయిదాల మీద ఏసీ పెట్టించాము. అది రాత్రంతా మూలుగుతూ తిరిగేది, బిల్లు పెరిగేది, గోడలు మాత్రం చల్లబడేవి కావు. పాప ఒళ్లంతా చెమటకాయలు. ఈ వేడిలో బిడ్డను ఉంచొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. వానలు పడేదాకా వెలుగోడు వెళ్లిపోతానంది పద్మ. అన్ని నెలలు ఎదురుచూస్తే ఇంటికి వచ్చిన బిడ్డను మళ్లీ పంపడానికి నాకు ప్రాణం ఒప్పలేదు.

కిందికి దిగి సుబ్బరత్నమ్మ ముందు ఉపన్యాసం ఎత్తుకున్నాను. ఇల్లు కట్టినవాడికి ఎండ తగలదు, ఎండ తగిలినవాడికి గోడ మీద హక్కు లేదు, ఇందులో న్యాయం ఎక్కడుందని అడిగాను. ఆమె కొట్టు తాళాలు చేతిలో పట్టుకుని అంతా విన్నది.

"బాగనే మాట్లాడినావు. నేనెప్పుడూ ఆడ పండుకోలేదు, నాకేం తెలుసు? పాపను తీసుకోని కిందికి రాండి. పైన నేనుంటా."

మాటవరసకు అన్నదనుకున్నాను. సాయంత్రానికల్లా ఆమె చాప, దిండు, మరచెంబు పైకి చేరాయి. ఏసీ వేసుకోమంటే, అది మీ సొత్తు, నేను చూడాల్సింది నా గది సంగతి అంది. వారం తిరగకముందే ఒక పొద్దున ఎర్రబడిన కళ్లతో దిగివచ్చి మెట్టు మీద కూలబడింది.

"అది గది కాదు నాయనా, పొయ్యి. ఇన్నాళ్లూ పొయ్యికి బాడుగ తీసుకుంటి."

కప్పుకు ఎండను తిప్పికొట్టే తెల్ల పూత, కరెంటు తక్కువ తాగే ఫ్యాన్లు, గాలి ఆడడానికి నైరుతి మూల గోడకు ఒక కిటికీ పెట్టించాలనుకుంది. ఆ ఇంట్లో వాటా ఉన్న ఆమె మరిది శేషయ్య, సంగతి తెలియగానే ఆళ్లగడ్డలో బస్సెక్కి వచ్చాడు. ఆయన వాదన కొట్టిపారేసేదేం కాదు. కరెంటు బిల్లు బాడుగోళ్లు కడతారు, రేపు ఖాళీ చేసి పోతారు, మన ఖర్చు మనకెట్లా తిరిగొస్తుందన్నాడు. నేను అందుకోబోయాను.

"నువ్వు ఊరుకో నాయనా," అంది సుబ్బరత్నమ్మ. "నువ్వు నోరు తెరిస్తే మా మరిదే గెలుస్తాడు."

వాళ్లు పోయినా కప్పు యాడికీ పోదు కదా అని ఆయనకు నచ్చచెప్పింది. కట్టేటప్పుడు మనం మిగుల్చుకున్నదే వాళ్లు నెలనెలా బిల్లులో కడతాండారని గుర్తుచేసింది. ఇక శేషయ్య వాస్తు తీశాడు. నైరుతిలో కిటికీ పెడితే ఇంటి యజమానికి కీడని ఎవరో చూసి చెప్పారట. నాకు రక్తం ఉడికింది. ఆమె మాత్రం గొంతు కూడా పెంచలేదు.

"ఆయప్పను మే నెలలో ఒక మధ్యాన్నం ఆడ పండుకోని, లేసినాక చెప్పమను. కీడు యజమానికే కదప్పా, నేను పడతాలే."

శేషయ్య నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. అన్ని సభలు తిరిగిన నేను అంత పొట్టి వాదం ఎక్కడా వినలేదు.

పని అయ్యాక మేము మళ్లీ పైకి మారాము. గది చల్లగా మారిపోయిందని అబద్ధం చెప్పను, కానీ పాప మధ్యాహ్నం వేళ ఫ్యాన్ కిందే నిద్రపోయింది. ఏసీతో చాలా రోజులు పని పడలేదు. వెలుగోడు ప్రయాణం మాట పద్మ మళ్లీ ఎత్తలేదు.

మరుసటి ఏడు సుబ్బరత్నమ్మ బాడుగ కొంచెం పెంచింది. నాకు చురుక్కుమంది. అప్పటికే ఆమె దయాగుణం మీద ఒక వ్యాసం కూడా రాశాను. బిల్లులో తగ్గినదాని ముందు ఇదెంతలే అని పద్మ సర్దిచెబుతున్నా వినకుండా కిందికి వెళ్లి, ఆ వ్యాసం సంగతే ఎత్తాను.

"దానమనుకుంటివా? దానం కాదది," అంది. "ముందు కూడా పెంచుదామనుకుంటి. పైన పండుకున్నాక అడిగేదానికి మొగం లేకపాయె. ఇప్పుడుంది, అడుగుతాండా."

ఆమె పోయి చాలాకాలమైంది. నా రాతల్లో కోపం తగ్గలేదు, తగ్గాలని కూడా నేననుకోను. కాకపోతే ఎవరినైనా నిలదీసే ముందు, అడిగేదానికి నాకు మొగం ఉందా అని ఒకసారి చూసుకుంటాను. లేని రోజున కాగితం పక్కన పెట్టి, ముందు నా వంతు పని చూసుకుంటాను.