పాపాయి పిన్ని అక్షింతల డబ్బా

మా పాపాయి పిన్నికి ఎవరినీ ఉత్త చేతులతో సాగనంపడం తెలియదు. పక్కింటివాళ్ళు కూర పంపిన గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు కూడా చిటికెడు పంచదారైనా అందులో వెయ్యనిదే ఆవిడకు ప్రాణం ఒప్పేది కాదు. ఊరెళ్ళే పిల్లలకు ఇచ్చే పాత్రయితే పసుపు కలిపిన బియ్యం, అంటే అక్షింతలు. గొప్పగా చెప్పుకునే సంగతేమీ కాదిది, మావాళ్ళందరూ చేసేదే. ఆ అలవాటే ఆవిడ కొంప ముంచింది.

పిన్ని మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో, సుంగై సుమున్ దగ్గర కొబ్బరి తోటలో, దొరగారి బంగళాలో ఆయా. పెళ్ళయిన ఏడాదికే మా చిన్నాన్న జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. దొర కూతురు ఎల్సీని పొత్తిళ్ళలో ఉన్నప్పటినుంచీ ఆవిడే పెంచింది. ఆ పిల్లకు తెలుగు వచ్చు, అదీ మా తెలుగు. దొరసాని కోప్పడితే "నాను రాను, పో" అంటూ పిన్ని కుచ్చిళ్ళలో దూరేది. అది విని మా లయాల్లో, అంటే కూలీల గదుల వరుసల్లో, అందరూ పడీ పడీ నవ్వేవారు. అలాంటి పిల్లను చదువుకి స్కాట్లండ్ పంపెయ్యాలని దొర నిశ్చయించాడు.

అవి మలయాలో తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. వాళ్ళ మీద తిరగబడి అడవిలో తుపాకులు పట్టిన కమ్యూనిస్టులకు తిండి చేరకూడదని లయాల చుట్టూ ముళ్ళకంచె వేశారు. గేటు దగ్గర వెతకనిదే ఎవరినీ బయటికి వదలరు. బియ్యపు గింజ కూడా కంచె దాటకూడదు. పాలడబ్బా కొంటే, ఎవరూ దాచి అడవికి చేర్చకుండా కొట్టువాడే మేకుతో కన్నం పొడిచి ఇచ్చేవాడు. బంగళా మా కంచెకు బయట, కొబ్బరి చెట్లకు అవతల ఉండేది. దొరలకు వేరే కంచె, వేరే బియ్యం.

ఎల్సీ ప్రయాణానికి ముందురోజే హాలోవీన్ పడింది. ఆ సాయంత్రం దెయ్యాలు తిరుగుతాయట, పిల్లలు కూడా దెయ్యాల వేషాలు కడతారట. దొరసాని ఒక ఖాళీ బిస్కెట్ల డబ్బా పిన్ని చేతికిచ్చి, దీన్ని హాలోవీన్‌కి ముస్తాబు చెయ్యి, ఎల్సీ తన గవ్వలూ రిబ్బన్లూ దాచుకుని గుర్తుగా తీసుకెళ్తుంది అని చెప్పింది.

పిన్ని ఆ డబ్బాని లయానికి తెచ్చుకుంది. గంజి పూసి నల్ల కాగితం చుట్టింది. అగరొత్తుల పొట్లంలోంచి బంగారు రంగు ముక్క కత్తిరించి చందమామను అతికించింది. దొరసాని చూపించిన మంత్రగత్తె బొమ్మ మాత్రం ఆవిడకు నచ్చలేదు. "కాళ్ళు ముందుకుంటే అది దెయ్యవేటి?" అని తెల్లకాగితం మీద జుట్టు విరబోసిన బొమ్మ వేసి, పాదాలు వెనక్కి తిప్పింది.

"పిల్ల జడుసుకుంటాదే," అంది మా అమ్మ.

"నా ఎల్సీ నాకంటే గట్టిది లా," అంది పిన్ని, అక్కడి అలవాటు ప్రకారం చివర 'లా' తగిలించి. ఎంత గర్వమో!

హాలోవీన్ నాటి మధ్యాహ్నం మూత పెట్టబోయి ఆగింది. తెల్లారితే పిల్ల వెళ్ళిపోతుంది, ఉత్త డబ్బా చేతికెలా ఇస్తుంది? గుప్పెడు రేషన్ బియ్యానికి పసుపు రాసి అందులో పోసింది. ఆవిడకు నిబంధన తెలియకేం? రోజూ ఆ గేటు దాటే మనిషే. కానీ నిబంధన తిండికి. అక్షింతలు తిండేమిటి, తలమీద వేసేవి కదా! ఆవిడ బుర్రలో ఆ రెండూ ఏనాడూ ఒకటి కాలేదు. అందుకే దాచిపెట్టాలని కూడా తోచలేదు.

గేటు దగ్గర ఆడవాళ్ళను వెతికే పని విజయలెచ్చుమిది. మా వరుసలోనే ఉండేది. "ఎంత బావుందక్కా!" అంటూ మూత తీసింది. వెనకే ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు.

"ఇదేటక్కా?"

"అచ్చింతలు. పిల్ల ఊరెళ్తాంది గదా."

"నానేటి సెయ్యనక్కా? ఆయన సూసేసినాడు."

పాపం, విజయలెచ్చుమి ఆయనకు మలయ్‌లో చెప్పి చూసింది, ఇవి దీవెనకే, తినడానికి కావని. ఆయన నాలుగు గింజలు నీళ్ళలో కడిగి, తెల్లబడ్డ బియ్యాన్ని అరచేతిలో చూపించాడు. పిన్నిని గేటుకు ఎదురుగా, దారి అవతలున్న పోలీసు గదిలో కూర్చోబెట్టారు. జైలో, ఎన్నడూ చూడని ఇండియాకి ఓడెక్కించడమో తప్పదనుకున్నాం. ఆవిడ మాత్రం "నన్నేటైనా సెయ్యండి, డబ్బా పిల్లకిచ్చీయండి" అని అందరినీ బతిమాలింది.

దొరకు కబురు వెళ్ళింది. సొంత ఆయాని వదిలేస్తే రేపు మిగతా కూలీలకు ఏం చెప్పను అన్నాడట. న్యాయమైన మాటే. అందుకే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఎదురు చెప్పడానికి వీల్లేకుండా మాట్లాడాడని.

మర్నాడు పొద్దున్న బంగళా కారు ఆ దారినే వచ్చింది. ముందూ వెనకా పోలీసు లారీలు. పిన్ని కిటికీ చువ్వలు పట్టుకుని "ఎల్సీ! ఇక్కడున్నాను!" అని గొంతు చించుకుంది. లారీల రొదలో ఎవరికి వినపడుతుంది? ఎల్సీ కారు అద్దానికి ముఖం ఆనించి లయాల వైపే చూస్తోంది. పోలీసు గది ఆ పిల్ల వీపు వెనక, దారికి అవతలి పక్కన ఉంది.

మధ్యాహ్నం మందలించి వదిలేశారు. డబ్బా కూడా ఇచ్చారు, గింజలు పారబోసి, అడుగున మేకుతో కన్నం పొడిచి. జైలు తప్పిందని మేమంతా దేవుడికి దణ్ణం పెట్టుకున్నాం. పిన్ని మాత్రం గుమ్మంలో కూర్చుని, "నా ఆయా రానేదు అనుకుంటాది" అని ఏడ్చింది. కాదని ఎల్సీకి చెప్పేదెవరు? దొరసాని కూడా ఆ కారులోనే వెళ్ళిపోయింది.

తర్వాత మెర్దేకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చింది, జెండా మారింది. మరికొన్నాళ్ళకు కంచె కూడా ఊడబీకారు. గేటు రేకులతో ఎవరో కోళ్ళగూడు కట్టుకున్నారు. నర్సు చదువుకని నేను కౌలాలంపూర్ బయల్దేరిన రోజున, పిన్ని ఆ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. నల్ల కాగితం చాలామటుకు ఊడిపోయింది, దెయ్యం పాదాలు మాత్రం ఇంకా వెనక్కే ఉన్నాయి. మూత తీసి చూశాను. ఏమీ లేదు.

"ఏటి పిన్నీ, నాకు ఉత్త డబ్బా ఇస్తన్నావేటి?" అని గట్టిగానే అడిగాను. "కంచె నేదు, గేటు నేదు. నాలుగు అచ్చింతలెయ్యి."

అమ్మ అక్షింతల పళ్ళెం ముందుకు జరిపింది. పిన్ని చెయ్యి పళ్ళెం దాకా వెళ్ళి ఆగిపోయింది. ఒకసారి, ఒకప్పుడు గేటున్న రోడ్డు వైపు చూసింది.

"వద్దమ్మా, అవీ బియ్యవే," అంది. ఆ ఉత్త చెయ్యే తెచ్చి నా తలమీద పెట్టింది.