ఆయనకి నా మాత్ర

బీపీ ముందు నాకే తేలింది. గాజువాకలో మా వీధి చివర డాక్టరమ్మ మూడుసార్లు వేరువేరు రోజుల్లో రమ్మని, వెళ్లిన ప్రతిసారీ కాసేపు ఊరికే కూర్చోబెట్టి, అప్పుడు పట్టీ కట్టి చూసింది. "ఒక్కసారి చూసి ఉందనీ లేదనీ చెప్పకూడదమ్మా" అంది. ఆ మాట నా బుర్రకెక్కితే ఎంత బాగుండేది!

మా ఆయన క్రేన్లకీ పొగగొట్టాలకీ రంగులు వేసేవారు. అంత ఎత్తున పని చేయాలంటే ఏటా వైద్య పరీక్షలో నెగ్గి హైటు పాసు తెచ్చుకోవాలి. ఓ ఏడాది ముఖం వేలాడేసుకుని వచ్చారు.

"బీపీ ఎక్కువుందంట. వారం ఆగి రమ్మన్నారు. పాసు లేపోతే కింద బస్తాలు మొయ్యడమే."

"డాక్టరమ్మకి సూపించుకోండి మరి."

"నాకేటే రోగం? తలనొప్పా, కళ్లు తిరగడమా? ఆ మిషనే తప్పు."

అదిగో, అక్కడే నా తెలివి తెల్లారింది. "నా మాత్రలున్నాయి కదా, ఈ వారం ఏసుకోండి" అన్నాను. వేసుకున్నారు. పాసొచ్చింది. ఆ సాయంత్రం పండగలా చేపల పులుసు పెట్టాను.

అలా ఆరేళ్లు. పరీక్షకి వారం ముందు నా డబ్బాలోంచి తీసి ఇవ్వడం, పాసు రాగానే ఆపెయ్యడం. పాసుతో పాటు బీపీ కూడా పోయిందనే అనుకునేవాళ్లం. ఎంత బుద్ధితక్కువ!

మొన్న వేసవిలో అన్నం తింటుంటే ముద్ద జారిపోయింది. మళ్లీ కలపబోతే కుడిచెయ్యి లేవలేదు. మూతి పక్కకి లాగేసింది.

ఆసుపత్రిలో డాక్టరు, బీపీ ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు. మా మరిది ఆరేళ్ల పరీక్ష కార్డులూ బల్ల మీద పెట్టాడు.

"మా అన్నకి బీపీయే లేదు సార్. సూడండి, అన్నీ నార్మలే."

డాక్టరు ఒక్కొక్కటే తిరగేస్తున్నాడు. "ఆ అంకెలు ఆయనవి కావు సార్, నా మాత్రలవి" అన్నాను. మా మరిది చూసిన చూపు చచ్చేదాకా మరిచిపోలేను.

ఇప్పుడు ఎవరి మాత్రలు వాళ్లకే. మిషను కొన్నాం. రోజూ ఆయన్ని కాసేపు కూర్చోబెట్టి, ఎడమచేతికి పట్టీ కట్టి చూస్తాను. "నార్మలేనండీ" అంటాను.

ఆ రోజు నుంచి ఆయనకి మాట పడిపోయింది. ఆ చేత్తోనే గోడ మేకుకి వేలాడుతున్న పాసు చూపిస్తారు, తెచ్చి ఇమ్మని. దానికింకా నాలుగు నెలల గడువుంది.