బాపు అసలు పేరు కొట్టేయించిన రోజు

మొన్న ఓటర్ల జాబితా సరిచూడడానికి మా వీధికి వచ్చిన అమ్మాయి, గేటు దగ్గరే నిలబడి ఫోను మీద వేలు అటూ ఇటూ జరిపి, మా ఇంటి నంబరు మీద చనిపోయినవాళ్ల పేర్లు గానీ రెండుసార్లు ఎక్కినవి గానీ లేవనీ, అంతా సరిగ్గా ఉందనీ నవ్వుతూ చెప్పి, మంచినీళ్లయినా తాగకుండా వెళ్లిపోయింది. అంతా సరిగ్గా ఉందట! ఆ మాటకు నాకు ఆ పూట అన్నం సయించలేదు.

మా కాలంలో ఈ చాకిరీ బడిపంతుళ్ల నెత్తినే ఉండేది. గోదావరిఖనిలో పంతులమ్మగా ఉన్న రోజుల్లో, బడి వదలగానే జాబితా చంకన పెట్టుకొని బొగ్గుగని కార్మికుల కాలనీలో క్వార్టరు క్వార్టరూ తిరిగేదాన్ని. రాత్రి షిఫ్టు చేసి పడుకున్నవాళ్లను లేపితే వాళ్లు తిట్టేవారు, లేపకుండా వస్తే ఆఫీసువాళ్లు తిట్టేవారు. అయినా నా జాబితాలో ఒక్క తప్పు దొరకదని మహా పొగరుగా ఉండేది నాకు.

ఆ పొగరు అణిగే రోజూ వచ్చింది. ఒకే ముఖం రెండు చోట్ల ఉన్న ఓటర్లంటూ ఆఫీసు నుంచి వచ్చిన కాగితాల్లో, మా బాపువి, అంటే మా నాన్నవి, ఫోటోలు రెండు పక్కపక్కన కనిపించాయి. పెద్దపల్లి దగ్గరి మా ఊరి జాబితాలో ఫోటో కింద ఆయన సొంత పేరు, కాలనీ జాబితాలో ఆయన మేనమామ పేరు. బొగ్గుబాయిలో కొలువు వచ్చింది నిజానికి ఆ మేనమామకే. మొదటిరోజు లోపలికి దిగి, ఆ చీకటికి బెదిరి ఆయన పారిపోతే, అదే పేరు మీద మా బాపు దిగాడు. మా వైపు అలా మారుపేరుతో బతకడం కొత్తేమీ కాదు. నా బడి కాగితాల్లోనూ, తమ్ముడి కాగితాల్లోనూ తండ్రి పేరు ఆ మేనమామదే.

ఇద్దరూ ఒకరేనని రాస్తే మారుపేరు బయటపడి బాపు కొలువూ, ఆయన తర్వాత వారసుడిగా ఆ కొలువుకే ఎదురుచూస్తున్న తమ్ముడి బతుకూ పోతాయి. వేరువేరని రాస్తే నా చేత్తో నేనే దొంగరాత రాసినట్టు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. వారం రోజులు ఆ కాగితాన్ని బియ్యం డబ్బా కింద దాచి, గడువుకు మిగిలిన రోజులు లెక్కపెట్టుకున్నాను. చివరికి ఒక్క సందు కనబడింది. ఊళ్లో లేను గనుక అక్కడి పేరు తీసేయమని బాపే దరఖాస్తు పెట్టుకుంటే, ఒక్క ఫోటోనే మిగులుతుంది, ఇక విచారణ ఉండదు.

బాపు పొద్దుటి షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసిన తల ఆరకముందే విషయం విన్నాడు.

"గా పేరు మా నాయిన వెట్టిండు బిడ్డా. నాదంటూ గదొక్కటే మిగిలింది."

"తమ్మునికి నౌకరి రావాలె గద బాపూ" అన్నాను. దరఖాస్తు ఆయన ముందుకు జరిపాను.

కలం తీసుకున్నాడు. అలవాటు కొద్దీ మేనమామ పేరే సంతకం చేసి, నాలుక కరుచుకొని, ఇంకో కాగితం ఇమ్మన్నాడు. ఈసారి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, కొట్టేయించడానికే తన పేరు తాను రాసుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. కారణం అన్నచోట "ఊరు విడిచి వెళ్లారు" అని నేను నింపాను.

తమ్ముడికి కొలువు వచ్చింది. తర్వాత కొన్నేళ్లకు బాపు పోతే, చనిపోయారని కాలనీ జాబితాలో కొట్టేసింది మేనమామ పేరును. ఇప్పుడు ఫోన్లు ముఖం చూసి మనిషిని పట్టేస్తాయట, మంచిదే, మాలాగా ఎండలో తిరిగే పని తప్పింది. కానీ మా బాపు చనిపోయినట్టు ఏ జాబితాలోనూ లేదు. నేను రాసిన దాని ప్రకారం ఆయన ఇప్పటికీ ఊరు విడిచి ఎటో వెళ్లినవాడే.