అప్పాయమ్మ వొదిన నేర్పిన ప్రార్థన

మా వొదిన అప్పాయమ్మ పిల్లలకి ముందు ప్రార్థన నేర్పింది, తరవాతే అక్షరాలు. సాయంత్రం కంచాల ముందు కూకోబెట్టి, సిన్నదాని దగ్గర్నుంచి వరసగా సెప్పించీది. దేవుడి దగ్గర పెద్దపెద్ద మాటలొద్దు, ఇంట్లో మాటాడీ మాటే సెప్పండి, ఆయనకి తెలుత్తాది అనీది. అనకాపల్లి బెల్లం మార్కెట్లో పొద్దల్లా దిమ్మలు మోసి, కాళ్లు పీకేత్తన్నా ఒక్క పూట మానలేదు. భక్తంటే ఆవిడదే. పగన్నా ఆవిడదే. నేను ఆవిడ ఆడపడుసుని, తబితాని. అదే ఇంట్లో మిషను కుట్టుకుని బతుకుతన్నాను, కళ్లారా సూసిందే సెప్తన్నాను.

మా అన్నయ్య, ఆవిడ మొగుడు బెన్‌హర్, వరప్రసాదరావు అనీ ఆసామి దగ్గర లారీ తోలీవోడు. ఆ వరప్రసాదరావు మా గుడికి సంఘ పెద్ద కూడాను. రెండువేల నాలుగులో, లారీకి బ్రేకులు పట్టడం లేదని అన్నయ్య మూడుసార్లు మొత్తుకున్నాడు. ఈ ఒక్క ట్రిప్పు కొట్టీరా, తరవాత సూద్దాం అన్నాడా మహానుభావుడు. నక్కపల్లి దాటేక లారీ బోల్తా పడింది. అన్నయ్య అక్కడికక్కడే పోయేడు. సరే, సావు మన సేతిలో లేదు అనుకుందుం. కానీ తప్పు తన లారీ మీదకి ఎక్కడొత్తాదోనని ఈ పెద్దమనిషి పోలీసులకి ఏటి సెప్పేడు? డ్రైవరు తాగి తోలేడని సెప్పేడు.

బాప్తిస్మం తీసుకున్న కాడ్నుంచి సుక్క ముట్టని మనిషి మా అన్నయ్య. మట్టిలో పెట్టకముందే తాగుబోతని ఊరంతా టాంటాం అయిపోయింది. అన్నయ్య కొడుకు జెఫ్రీకి అప్పుడు పదకొండేళ్లు. బళ్లో తోటి గుంటలు వాణ్ణి సీసాగాడని పిలిసీవోరు. వాడు ఇంటికొచ్చి మూల్న కూకుని ఏడిసీవోడు. మా వొదినకి కావలసింది ఒక్కటే. ఏ నోటితో అన్నాడో ఆ నోటితోనే గుడిలో నిలబడి, అందరూ ఇంటుండగా, బెన్‌హర్ తాగలేదని సెప్పాల. అదే అడుగుదామని వాళ్లింటికి రెండుసార్లు ఎల్లింది. రెండుసార్లూ ఇంట్లో లేడని సెప్పించేడు. సెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి.

ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో ప్రార్థన మారిపోయింది. అన్నానికి స్తోత్రం, సదువుకి స్తోత్రం, ఆఖర్న వరప్రసాదరావు నోరు పడిపోవాల ప్రభువా. సిన్నది, ఆరేళ్ల సోనీ, వరసలో ముందు ముద్దుముద్దుగా అనీది. జెఫ్రీ పళ్లు బిగించి అనీవోడు. నేను ఊరుకున్నానేటి? అందరికంటే గట్టిగా నేనే అన్నాను. ఓసారి పాస్టరయ్యగోరు వచ్చి ఇని అదిరిపడ్డారు. శత్రువు కోసం మంచి అడగాలమ్మా, పిల్లలకి ఇదా నేర్పడం అన్నారు. ముందు మీ ఇంట్లో శవం లెగనీయండి, అప్పుడు మాటాడుకుందాం, టీ సల్లారిపోతంది తాగండి అన్నాది మా వొదిన. ఆయన టీ తాక్కుండానే ఎల్లిపోయేరు.

రెండేళ్లు. ఒక్క పూట తప్పలేదు.

రెండువేల ఆరు, మంచి శుక్రవారానికి ముందొచ్చీ శ్రమదినాల్లో, ఓ పొద్దున్న వరప్రసాదరావుకి పక్షవాతం కొట్టింది. కుడిసెయ్యి, కుడికాలు, నోరు. మాట పోయింది. కబురు తెలిసిన ఎంటనే జాకెట్టు మిషను మీద అలాగే ఒదిలీసి మార్కెట్‌కి పరిగెత్తేను. సిగ్గెందుకు, పండగే సేసుకున్నాం. వొదిన కొత్తబెల్లం తెచ్చి పరమాన్నం వండింది. దేవుడు మన మాట ఇన్నాడని సోనీ గంతులేసింది. నేనైతే రెండుసార్లు వడ్డించుకున్నాను.

మూడోరోజు సాయంత్రం పాస్టరయ్యగోరు మళ్లీ వచ్చేరు. ఈసారి గుమ్మంలోనే నిలబడిపోయేరు. పోయిన వారమే వరప్రసాదరావు తన దగ్గరికొచ్చి ఏడిసేడట. మంచి శుక్రవారం గుడిలో సాక్ష్యానికి నాకు కొంచెం టైమివ్వండి, బెన్‌హర్ గురించి అందరి ముందూ ఒక మాట సెప్పాలి అన్నాడట. ఏ మాటో అయ్యగోరికి సెప్పలేదు. ఇప్పుడు రాయిద్దామంటే ఎడం సేత్తో పిచ్చి గీతలే వత్తన్నాయట.

మా వొదిన స్టవ్వు కట్టీసింది. అన్నయ్య పేరు కడగాలంటే ఆ నోరొక్కటే కడగాల. ఆ నోరే పడిపోవాలని రెండేళ్లు అడిగేం. దేవుడే పడగొట్టేడో, బీపీయే పడగొట్టిందో నాకు తెలీదు. వొదినకి మాత్రం ఏ అనుమానమూ లేదు. నా సేతులారా సేసుకున్నాను తబితా అని ఒక్క మాట అంది.

ఆ పూట కంచాల ముందు పిల్లలకి కొత్త మాట సెప్పింది. ఆయన నోరు తిరిగి రావాలని అడగండమ్మా, ఆయన మాటాడాల అంది. జెఫ్రీ మొహం తిప్పీసుకున్నాడు. సోనీ కాసేపు ఆలోసించింది. దానికి ఎనిమిదేళ్లు నిండేయి, ప్రార్థనంటే ఏటో బాగా తెలుసనుకుంటంది.

"నోరయిపోయింది కదమ్మా. ఇప్పుడు కళ్లు అడుగుదాం," అంది.

 వొదిన కొట్టలేదు, తిట్టలేదు. ఎవరు నేర్పేరని అడగడానికి మొహం లేదు. కళ్లు మూసుకుని, వరప్రసాదరావు పేరు పెట్టి, అతని కోసం మొదటిసారి మంచి అడిగింది. ఒక్కర్తే అడిగింది. మేం ముగ్గురం కళ్లు తెరుసుకునే కూకున్నాం.